బొమ్మ ఒక మతం, బొరుసు ఒక మతం



సాంఘికశాస్త్రోపాధ్యాయులు సెలవు పెట్టిన రోజులలో ఆ తరగతికి తెలుగు పండితుడనైన నేనే పోవలసివచ్చేది. 1517లో మార్టిన్ లూథర్ చర్చిని ప్రశ్నించాడనీ, జర్మనీ రెండుగా చీలిందనీ చెప్పి పాఠం ముగించేవాణ్ణి. ఆ మాట సగమే సత్యమని ఒక వెండి నాణెం నాకు నేర్పింది.

1485లో శాక్సనీ రాజ్యాన్ని అన్నదమ్ములిద్దరు పంచుకున్నారు. భూములు పంచుకున్నారు గాని వెండి గనులను ఉమ్మడిగానే ఉంచుకున్నారు. తరువాతి తరంలో ఒక శాఖ లూథర్‌ను కాపాడింది. రెండవ శాఖకు ప్రభువైన డ్యూక్ గేయోర్గ్ ఆయనకు బద్ధవిరోధి. అయినా వారిని 1530లో టంకశాల విషయమై విడదీసింది మతం కాదు, నాణెంలో వెండి ఎంత ఉండాలన్న తగవు. కొన్నేళ్ళకే మళ్ళీ కలిశారు.

1534 నుండి వెలువడిన ఉమ్మడి థాలర్లపై ఒకవైపు లూథర్ పక్షపు ఎలెక్టర్ యోహాన్ ఫ్రీడ్రిష్, మరొకవైపు కాథలిక్కు గేయోర్గ్! బరువు సుమారు 29 గ్రాములు, అనగా మన రెండున్నర తులాలు. డాలరు అన్న పేరుకు మూలం ఈ థాలరే.

1539లో గేయోర్గ్ మరణించాడు. 1547లో మ్యూల్‌బెర్గ్ యుద్ధంలో యోహాన్ ఫ్రీడ్రిష్ కాథలిక్కు చక్రవర్తికి బందీ అయ్యాడు. అతని పదవి చక్రవర్తి పక్షాన పోరాడిన మోరిట్స్‌కు దక్కింది. అతడు గేయోర్గ్ తమ్ముని కొడుకు, లూథర్ మతస్థుడే!

నా గీత అంత తిన్ననిది కాదన్నమాట. ఆనాటి విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారో! ఎవరైనా ఇది చదివితే, ఆ పాఠాన్ని ఇలా దిద్దుకోవలసిందిగా మనవి.