ఆకు ఎవరిది, శ్రమ ఎవరిది? – ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులో తునికాకు సేకరించే స్త్రీలు

7.1 పరిచయం

అసంఘటిత రంగం అనగానే సాధారణంగా పట్టణ దృశ్యాలే మనకు గుర్తుకొస్తాయి. తోపుడు బండి మీద కూరగాయలు అమ్మే స్త్రీ, ఇళ్లలో పనిచేసే స్త్రీ, భవన నిర్మాణంలో ఇటుకలు మోసే కూలీ మన కళ్ల ముందు మెదులుతారు. అయితే ఈ రంగంలో ఒక పెద్ద భాగం అడవిలో ఉంది. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో, గోదావరికి ఇరువైపులా ఉన్న కోయ, కొండరెడ్డి గ్రామాల్లో స్త్రీలు ఏటా వేసవిలో తునికాకు కోస్తారు. మిగిలిన కాలంలో ఇప్పపువ్వు, ఇప్పగింజలు, జిగురు, కరక్కాయలు, తేనె వంటివి సేకరించడంలో పాలుపంచుకుంటారు. ఈ పనికి హాజరు పట్టీ లేదు, నియామక పత్రం లేదు, సెలవు లేదు.

ఈ పాఠంలో తునికాకును ఉదాహరణగా తీసుకొని ఒక ప్రశ్నను పరిశీలిద్దాం. సుమారు నూట నలభై ఏళ్లలో అడవి గురించి ఎన్నో చట్టాలు వచ్చాయి. అయినా ఆకు కోసే స్త్రీ చట్టం దృష్టిలో కార్మికురాలు ఎందుకు కాలేదు?

7.2 పని స్వరూపం

తునికి చెట్టు లేత ఆకును బీడీ చుట్టడానికి వాడతారు. మంచి చిగురు రావడానికి వేసవి ఆరంభానికి ముందే తునికి పొదలను నరికిస్తారు. దీనిని మోడెం కొట్టడం అంటారు. ఏప్రిల్, మే నెలల్లో కొన్ని వారాల పాటు మాత్రమే ఆకు కోతకు వస్తుంది. ఎండ ముదరకముందే తిరిగి రావాలి కాబట్టి స్త్రీలు తెల్లవారకముందే అడవికి బయలుదేరతారు. పాములు, ఎలుగుబంట్ల భయం ఎప్పుడూ ఉంటుంది.

కోత ముగిసినంత మాత్రాన పని పూర్తి కాదు. తెచ్చిన ఆకును ఇంటి దగ్గర నీడన పోసి, పరిమాణం చూసి, యాభై ఆకుల చొప్పున పేర్చి నారతో కట్ట కడతారు. ఈ పనిలో పిల్లలు, ముసలివారు కూడా చేయి వేస్తారు. సాయంత్రానికి కట్టలను కల్లానికి చేర్చి, అక్కడ కొనుగోలుదారు తరఫున ఉండే కల్లేదారుకు లెక్క అప్పగించాలి. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి. అంటే ఒక సంచిలో యాభై వేల ఆకులు ఉంటాయి. ఒక స్త్రీ నూరు కట్టలు అప్పగించిందంటే, ఐదు వేల ఆకులు ఒక్కొక్కటిగా కోసి, పేర్చి, కట్టిందన్నమాట.

చెల్లింపు మాత్రం కట్టకు ఇంత అని ఉంటుంది. అడవికి నడిచిన దూరానికి, ఇంటి దగ్గర కట్టలు కట్టిన గంటలకు, కల్లం దగ్గర నిరీక్షించిన సమయానికి విడిగా లెక్క లేదు. ఆకు మచ్చలున్నదనో, కట్ట పలుచగా ఉన్నదనో పక్కన పెడితే ఆ శ్రమ మొత్తం వృథా అవుతుంది. వడగళ్లు పడి ఆకు పాడైతే ఆ నష్టంలో ఆమెకూ భాగం ఉంటుంది. అయినా వానకాలం సాగుకు ముందు చేతికి నగదు వచ్చే మార్గాలు తక్కువ. విత్తనాలకు, అప్పు వాయిదాకు, పిల్లల చదువుకు ఈ డబ్బే ఆధారం కావడం వల్ల ఆమె ఈ పనిని వదులుకోలేదు.

7.3 రెండు ఒడ్డులు, రెండు పాలనలు

ఈ ప్రాంత చరిత్రలో గోదావరి చాలాకాలం పాలనా సరిహద్దుగా ఉంది. 1860లో భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు నిజాం నుండి బ్రిటిష్ పాలనలోకి వచ్చి, సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిశాయి. 1874లో వాటిని మద్రాసు ప్రెసిడెన్సీకి బదిలీ చేశారు. ఆ తరువాత పోడు సాగుపై పన్ను పెరిగింది, ఆంక్షలు వచ్చాయి. 1879లో రంప తిరుగుబాటు రేకపల్లి ప్రాంతానికి వ్యాపించడానికి ఇది ఒక ముఖ్య కారణం. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవులు ఏర్పడ్డాయి. తరతరాలుగా తెచ్చుకుంటున్న వెదురు, కట్టెలు, ఆకులు ఇప్పుడు ప్రభుత్వ ఆస్తి అయ్యాయి.

అవతలి ఒడ్డున పాల్వంచ, బూర్గంపహాడ్, అశ్వారావుపేట వైపు నిజాం పాలన కొనసాగింది. 1940వ దశకంలో ఈ ప్రాంతంలో పర్యటించిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ కొండరెడ్ల జీవితాన్ని అధ్యయనం చేశాడు. కలప, వెదురు వ్యాపారుల వద్ద అప్పుల్లో చిక్కుకొని వారు చాకిరీ చేయవలసి వచ్చిన తీరును 1945లో ప్రచురితమైన తన గ్రంథంలో నమోదు చేశాడు. పాలకులు వేరైనా అడవి బిడ్డల స్థితి ఇరువైపులా దగ్గరగానే ఉండేదని దీనివల్ల తెలుస్తుంది.

1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాలో కలిసింది. 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం రెండు ఒడ్డులనూ ఒకే చట్టం కిందకు తెచ్చింది.

7.4 వ్యాపార నియంత్రణ, కట్ట ధర

గిరిజనులను దళారుల నుండి కాపాడే ఉద్దేశంతో 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. జిగురు, ఇప్పగింజలు, తేనె వంటివాటిని ఇది కొనుగోలు చేసేది. 1979 నిబంధనావళి ద్వారా షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారం ఈ సంస్థ గుత్తాధిపత్యంలోకి వచ్చింది. కానీ అత్యధిక ఆదాయం ఇచ్చే తునికాకు దీనికి దక్కలేదు. 1971 నాటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టం తునికాకు వ్యాపారాన్ని ప్రభుత్వ అధీనంలో ఉంచింది. అడవిని యూనిట్లుగా విభజించి, టెండర్ల ద్వారా ఆకును వ్యాపారులకు అమ్మే పద్ధతి స్థిరపడింది.

1980వ దశకంలో ఖమ్మం, వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ అటవీ ప్రాంతాల్లో విప్లవ సంస్థల ప్రభావంతో కట్ట ధర పెంచాలని వేసవుల్లో సమ్మెలు జరిగాయి. ధరలు పెరిగాయి. తరువాతి కాలంలో అమ్మకాల నికర ఆదాయాన్ని సేకరణదారులకు బోనస్‌గా పంచే విధానం కూడా వచ్చింది. ఇవి నిజమైన విజయాలు. అయితే పోరాటం కూడా కట్ట ధర చుట్టూనే తిరిగింది. ఎండదెబ్బ తగిలితే వైద్యం ఎవరు చేయించాలి, గర్భిణికి విశ్రాంతి ఎలా వస్తుంది అనే ప్రశ్నలు ధరలో ఇమడలేదు.

7.5 చట్టం చూసిన కార్మికురాలు, చూడని కార్మికురాలు

ఇక్కడ ఒక పోలిక ఉపయోగపడుతుంది. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో ఇంటి దగ్గర బీడీలు చుట్టే స్త్రీల కోసం 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. అమలులో లోపాలు ఎన్ని ఉన్నా, చుట్టే స్త్రీకి గుర్తింపు కార్డు, భవిష్య నిధి అడిగే ఆధారం దొరికింది. అదే బీడీకి ఆకు అందించిన స్త్రీకి అటువంటి ఆధారం లేదు. చట్టం ఆమెను కూలి పొందే మనిషిగా కాక, సరుకు తెచ్చి ధర తీసుకునే సేకరణదారుగా చూసింది. ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, కొనేవాడు ముందే ఖరారవుతాడు. ఇతరులకు అమ్ముకునే స్వేచ్ఛ లేని మనిషిని అమ్మకందారు అనడం ఎంతవరకు సబబు? పేరు ధర అయినా, అది నిజానికి కూలే.

1996 పెసా చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యాన్ని గ్రామసభలకు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం తునికాకును పేరుపెట్టి ఆ నిర్వచనంలో చేర్చింది. భూమి పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని, అటవీ హక్కుల కమిటీలో కనీసం మూడో వంతు స్త్రీలు ఉండాలని ఈ చట్టం, దాని నియమాలు చెప్పాయి. పొరుగున మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో అనేక గ్రామసభలు ఈ హక్కుతో తునికాకును తామే అమ్ముకోగలిగాయి.

2008 అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం, 2021లో మొదలైన ఈ-శ్రమ్ నమోదు మరో దారి తెరిచాయి. కానీ నమోదుకు ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను కావాలి. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ హింస నుండి తప్పించుకొని ఈ అడవుల్లో స్థిరపడిన గొత్తికోయ స్త్రీలకు ఇవి సమకూర్చుకోవడం ఇంకా కష్టం. ఆకు కోతలో చేయి ఉన్నా, కాగితంలో పేరు లేకపోతే బోనస్ జాబితాలోనూ పేరు ఉండదు. కార్డు ఇంటి పెద్ద పేరున ఉన్న కుటుంబంలో స్థానిక స్త్రీకీ ఇదే సమస్య ఎదురవుతుంది.

7.6 సారాంశం

1882 నుండి 2006 వరకు అటవీ చట్టాలు ప్రధానంగా ఒకే ప్రశ్నకు వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. ఆకు ఎవరిది? వలస ప్రభుత్వం, స్వతంత్ర రాష్ట్ర ప్రభుత్వం రెండూ ప్రభుత్వానిదే అన్నాయి. చివరకు గ్రామసభది అని చట్టం ఒప్పుకుంది. ఇది చిన్న మార్పు కాదు. అయితే శ్రమ ఎవరిది అనే రెండో ప్రశ్నకు అటవీ చట్టాలు జవాబివ్వలేదు, కార్మిక చట్టాలు అడవి దాకా రాలేదు. అటవీశాఖ లెక్కలు ప్రామాణిక సంచుల్లో ఉంటాయి. ఒక్కో సంచిలోని యాభై వేల ఆకుల వెనుక ఎన్ని చేతులు, ఎన్ని పగళ్లు ఉన్నాయో ఆ లెక్క చెప్పదు. ఆ చేతుల్ని లెక్కలోకి తేవడం చరిత్ర విద్యార్థి బాధ్యత. అంతకంటే ముందు అది ప్రభుత్వ బాధ్యత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తునికాకు సేకరణలో కట్ట ధరకు, దినకూలికి గల తేడాను వివరించండి.
2. బీడీలు చుట్టే స్త్రీకి లభించిన చట్టపరమైన గుర్తింపు ఆకు సేకరించే స్త్రీకి ఎందుకు లభించలేదు?
3. మీ ప్రాంతంలో స్త్రీలు చేసే ఒక అసంఘటిత పనిని ఎంచుకొని, అందులో లెక్కలోకి రాని గంటలను గుర్తించి ఒక పేజీ రాయండి.