మన్యంలో అగ్నిమాపక అధికారి: నాయకత్వానికి తొలి పాఠాలు

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశవ్యాప్తంగా అగ్నిమాపక సేవా వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ‘ఫోర్ట్ స్టికిన్’ ఓడలో చెలరేగిన మంటలను ఆర్పుతూ, పేలుళ్లలో అసువులు బాసిన 66 మంది అగ్నిమాపక సిబ్బందికి ఇది నివాళి. పత్తి బేళ్లు, పేలుడు పదార్థాలు ఒకే ఓడలో ఉన్నాయి. ఓడను ముంచివేయాలా, సముద్రంలోకి తరలించాలా అన్నది సకాలంలో తేలలేదు. నిర్ణయం ఆలస్యమైతే ధైర్యసాహసాలు సైతం ప్రాణాలను కాపాడలేవన్నది ఆ దుర్ఘటన నేర్పిన పాఠం.

తూర్పు కనుమలలోని అరకులోయ, అనంతగిరి, పాడేరు ప్రాంతాలలో కొత్తగా బాధ్యతలు చేపట్టే స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌కు ఈ పాఠం మరింతగా వర్తిస్తుంది. ఘాట్ రోడ్డు మలుపులు దాటి అదనపు శకటం చేరేసరికి ఎంతో సమయం పడుతుంది. అంతవరకు ఉన్న సిబ్బందితోనే, ఉన్న నీటితోనే ఆయన నెగ్గుకు రావలసి ఉంటుంది.

నీటి లెక్క

అగ్నిమాపక శకటంలో సాధారణంగా 4,500 లీటర్ల నీరు ఉంటుంది. నిమిషానికి 450 లీటర్ల చొప్పున వదిలితే అది పది నిమిషాలకు మించి రాదు. కనుక ఏ గూడేనికి ఏ గెడ్డ, ఏ చెరువు దగ్గర, వేసవిలో వాటిలో నీరు నిలుస్తుందా, శకటం ఎంతవరకు వెళ్లగలదు, పోర్టబుల్ పంపును ఎక్కడి నుంచి మోయాలి అన్న వివరాలను అధికారి బాధ్యతలు స్వీకరించిన తొలి నెలలలోనే స్వయంగా తిరిగి తెలుసుకోవాలి.

సిబ్బందితో

అనేక సంవత్సరాల అనుభవం గల లీడింగ్ ఫైర్‌మన్ సలహాను స్వీకరించడం అధికారి హోదాకు లోటు కాదు. అయితే ప్రమాద స్థలంలో ఆదేశం ఒక్కరి నుంచే వెలువడాలి. ఎవరు ఏ పని చేయాలో, వెనుకకు రమ్మనే సంకేతం ఏమిటో ముందే చెప్పాలి. లోపలికి వెళ్లిన వారిని, తిరిగి వచ్చిన వారిని లెక్కించాలి. విధి ముగిసిన పిదప జరిగిన లోపాలను అందరితో కలసి సమీక్షించి, తన పొరపాటును ముందుగా తానే అంగీకరించే అధికారికి సిబ్బంది విశ్వాసం లభిస్తుంది.

ప్రజలతో

ఈ కొండలలో తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా, కువి వంటి భాషలు వ్యవహారంలో ఉన్నాయి. గ్రామ పెద్దలతో, వన సంరక్షణ సమితులతో ముందుగా ఏర్పడిన పరిచయం ఆపత్సమయంలో ఎంతో ఉపకరిస్తుంది. పోడు పొలాలలో తుప్పలు కాల్చే వేసవి రోజులలో గిరిజనులను నిందించడం వలన ప్రయోజనం లేదు. గాలి తగ్గిన వేళ, చుట్టూ ఆకులలములు తొలగించి, మనుషులను కాపలా ఉంచి నిప్పు పెట్టాలని సంతలలో వారికి అర్థమయ్యే భాషలో వివరించాలి.

అగ్నిమాపక సిబ్బంది సేవలు మంటలకే పరిమితం కావు. 2021 ఫిబ్రవరి 12 రాత్రి అనంతగిరి మండలం డముకు వద్ద పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు మరణించారు. చీకటిలో, నిట్టనిలువు వాలుపై క్షతగాత్రులను పైకి చేర్చడానికి తాళ్లు, దీపాలు, స్ట్రెచర్లతో కూడిన ముందస్తు సాధన అవసరం.

అధికారాన్ని ప్రభుత్వ ఉత్తర్వు ఇస్తుంది. నాయకత్వాన్ని మాత్రం అధికారి ప్రమాదం లేని రోజులలోనే సంపాదించుకోవాలి. అగ్నిప్రమాదం సంభవించినపుడు ప్రజలు వెంటనే 101 లేదా 112 నంబరుకు ఫోన్ చేసి, గ్రామం పేరుతో పాటు చేరుకునే దారి గుర్తులను కూడా తెలియజేయాలి.