ఆపిల్ వేరుపట్ట నేర్పిన పాఠము

మధుమేహము అను పేరులోనే ఆ వ్యాధి గుర్తు కలదు. మధువనగా తేనె, మేహమనగా మూత్రము. రోగి మూత్రమునకు చీమలు పట్టుట మన పూర్వులు గమనించిరి. అయితే మూత్రములో చక్కెర కనబడినంత మాత్రమున అది మధుమేహమేనా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటలో ఒక చెట్టు వేరుపట్ట మిక్కిలి తోడ్పడినది.

1820లో సింకోనా పట్టనుండి క్వినైన్‌ను వేరుచేసిరి. నాటినుండి ఐరోపా రసాయన శాస్త్రజ్ఞులు చేదుగా నుండు ఇతర పట్టలలో కూడ జ్వరమును తగ్గించు పదార్థములకై వెదకసాగిరి. 1835లో డి కోనింక్, స్టాస్ మున్నగువారు ఆపిల్ చెట్టు వేరుపట్టనుండి ఒక చేదు పదార్థమును తీసిరి. గ్రీకు భాషలో పట్టను, వేరును తెలుపు మాటలను కలిపి దానికి ఫ్లోరిజిన్ అని పేరిడిరి. జ్వరమునకు మందు కాగలదని ఆశించిరి కాని, దాని కీర్తికి కారణము జ్వరము కాలేదు.

1886లో జర్మన్ వైద్యుడు ఫాన్ మేరింగ్ దీనిని కుక్కలకు ఇచ్చి చూచెను. వాని మూత్రములో చక్కెర విస్తారముగా కనబడినది. కాని వింత యేమనగా, రక్తములో చక్కెర పెరుగలేదు! 1889లో ఆయనయే మింకోవ్‌స్కీతో కలిసి ఒక కుక్క క్లోమమును తొలగించెను. దాని మూత్రములో కూడ చక్కెర వచ్చినది. అయితే ఇది నిజమైన మధుమేహము. ఇందు రక్తములోనే చక్కెర పెరుగును.

నేటి మన ప్రయోగశాలలో ఈ రెండు కుక్కల మూత్రమును బెనెడిక్ట్ ద్రావణముతో వేడిచేసినచో రెండు పరీక్ష నాళికలలోను ఒకే ఇటుక రంగు వచ్చును. కారణములు మాత్రము వేరు. చెరువు నిండి అలుగు పారుట ఒకటి. నీరు తక్కువగా నున్నను తూము తెరచుకొని కారిపోవుట మరియొకటి. క్లోమము లేని కుక్కది మొదటి స్థితి, ఫ్లోరిజిన్ తిన్న కుక్కది రెండవది.

ఆ తూము మూత్రపిండములలో నున్నది. అవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందలి గ్లూకోజును దాదాపు పూర్తిగా తిరిగి రక్తములోనికి పీల్చుకొనును. సోడియముతోపాటు గ్లూకోజును మోయు ప్రోటీనులు ఈ పని చేయును. ఫ్లోరిజిన్ వానిని అడ్డగించును.

తూము తెరచి అలుగును ఆపవచ్చును గదా! 1987లో రోసెట్టి, డిఫ్రాంజో మున్నగువారు క్లోమములో 90 శాతము తీసివేసిన ఎలుకలకు ఫ్లోరిజిన్ ఇచ్చిరి. రక్తములో చక్కెర సాధారణ స్థితికి వచ్చుటయే గాక, శరీరము ఇన్సులిన్‌కు మరల చక్కగా స్పందించినది. మందు ఆపగానే వ్యాధి మరలినది. చక్కెర అధికమగుట వ్యాధి ఫలితమే గాక, వ్యాధిని ముదిరించు కారణము కూడనని దీనివలన తేలినది.

అట్లని ఫ్లోరిజిన్‌ను నేరుగా మందుగా వాడరాదు. అది ప్రేగులలోని చక్కెర వాహకములను కూడ అడ్డగించును. పైగా అక్కడ విడిపోయి ఫ్లోరెటిన్‌గా మారును. ఫ్లోరెటిన్ వేరొక జాతి గ్లూకోజు వాహకములను ఆపును; మెదడునకు చక్కెర అందించునవి ఆ జాతివే. శరీరము వాడు శక్తిలో ఐదవ వంతు మెదడే వినియోగించుకొనునని మరువరాదు. కనుక రసాయనజ్ఞులు దాని నిర్మాణమును మార్చి, ప్రేగులలో విడిపోని డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులను చేసిరి. 2012లో ఐరోపాలో దానికి అనుమతి లభించినది. ఇదే జాతి మందగు ఎంపాగ్లిఫ్లోజిన్ మధుమేహము గల చుండెలుకల జ్ఞాపకశక్తి క్షీణతను తగ్గించినట్లు 2014లో ప్రకటింపబడినది. కాని చుండెలుక మెదడు మనుష్యుని మెదడు కాదు. ఆ ఫలితము మనకును వర్తించునని వెంటనే చెప్పరాదు.

చెట్టు పట్టలో మందున్నదని విని దానిని నూరి త్రాగువారు నేటికిని కలరు. వారికి ఈ కథ చెప్పవలెను. పట్టనుండి మందు బిళ్ళ వరకు 177 సంవత్సరములు పట్టినది. ఆ కాలమంతయు వ్యర్థము కాలేదు. గుర్తు వేరు, వ్యాధి వేరు అని తెలిసికొనుటకే అందు చాల భాగము గడచినది.