లంక చుట్ట

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల చుట్టరసికులకు కార్ఖానా ముద్రకంటె నేల పేరే ప్రమాణము. అందును గోదావరి లంకల ఆకునకు సమమైన ఆకు లేదని వారి దృఢవిశ్వాసము. ఆ విశ్వాసము నాకును గలదు.

అమెరికా ఖండమున బుట్టి పోర్చుగీసు నావలతో మన తీరముల జేరిన పొగాకును బిజాపురమునుండి మొగలు రాయబారి అసద్ బేగు 1604 ప్రాంతమున అక్బరు సభకు గొనిపోయెను. అటుపిమ్మట నల్పకాలముననే, 1618 మొదలు 1622 వఱకు మచిలీపట్టణపు ఆంగ్ల వర్తకస్థానమున కధిపతిగా నుండిన విలియం మెథోల్డు, గోలకొండ రాజ్యమున పొగాకు పండుటను, ఎగుమతి యగుటను తన గ్రంథమున పేర్కొనెను. మచిలీపట్టణమునుండి గోలకొండకు బోవు వర్తకమార్గము నల్లగొండ సీమ మీదుగనే సాగెడిది. కోదాడ, సూర్యాపేటలను గలుపు నేటి రహదారియు ఆ దిశనే యనుసరించుచున్నది.

వరదలు దెచ్చిన ఒండ్రుమట్టిలో, వానలు వెనుకబట్టిన పిదప నారు నాటి, తలలు తుంచి, పిలకలు తీసి, కోసిన ఆకును తోరణములుగ గట్టి యారబెట్టి, మండె వేసి (కుప్పగా పేర్చి) మగ్గనిచ్చిననే లంక పొగాకునకు ఘాటును పరిమళమును సమకూరును. మొదటి ఆకు మృదువు, కొసరాకు తీక్ష్ణము. కాయకష్టము చేసినవారు కొసరాకునే కోరుదురు. నేను మాత్రము సంవత్సరము నిలువయున్న నడిమి ఆకు చుట్టనే మిక్కిలి మెచ్చుకొందును. అందు ఘాటు గొంతు గీరదు, పరిమళము వెంటనే చెదరదు. ప్రాతఃకాలమున మొదటి ఆకుతో జుట్టిన సన్నని చుట్ట దాని తరువాతిది.

నిజాము కాలమున బ్రిటిషు సీమనుండి వచ్చు లంక పొగాకు వంటి సరకు కరోడ్‌గిరి సుంకము చెల్లించి సరిహద్దు దాటవలసి యుండెను. పొగాకు కాడలు కొనితెచ్చిన రైతు చెకుముకిని దూదిని తిత్తిలో నుంచుకొని, తన చుట్టను తానే చుట్టుకొనెడివాడు. కొందఱు మోదుగాకునే పైపొరగా వాడిరి. తెలంగాణ రైతునకు తోడైన చుట్టయే, 1897లో ప్రథమముద్రణ పొందిన కన్యాశుల్క నాటకమున గిరీశమను పాత్రకు భూషణమయ్యెను.

1930లో హైదరాబాదున వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ యేర్పడి చార్మినార్ సిగరెట్టును ఊరూరికి బంపగా, తునికాకు బీడీయు తోడై, చుట్ట క్రమముగా వెనుకబడెను. పొగ నోటికి గొంతునకు ఊపిరితిత్తులకు కాన్సరు దెచ్చునని వైద్యశాస్త్రము నిరూపించినది. కావున యువకుల నీ యలవాటునకు నేను పిలువను. అయినను ఒండ్రునేలలో ఆకును పెంచిన రైతు, మండె వేడిమిని చేతితో గుర్తించిన పనివారు, అరచేతిలో ఆకును చుట్టిన నిపుణులు మన శ్రమచరిత్రలో నొక భాగము. అలవాటు పోవుచున్నదని వారి విద్యను విస్మరించుట న్యాయము గాదు.