ఎర్రపూల చెట్టు ఒక చారిత్రక ఆధారం: పొహుతుకావా

శాసనాలు, నాణేలు, ప్రభుత్వ పత్రాలు చరిత్ర రచనకు ఆధారాలని మీకు తెలుసు. పేర్లు కూడా ఆధారాలే. సికింద్రాబాద్‌నే తీసుకోండి. బ్రిటిష్ సైన్యం విడిది చేసిన ఈ ప్రాంతానికి 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు పెట్టారు. పత్రాల్లో ఆ పేరే స్థిరపడింది. జనం నోట మాత్రం అది లష్కర్, అంటే సైనిక శిబిరం. నేటికీ ఆషాఢంలో అక్కడ జరిగేవి లష్కర్ బోనాలే. మొదటి పేరు పాలకుణ్ణి గుర్తుచేస్తుంది, రెండోది జనం కళ్లారా చూసినదాన్ని.

అదే ఊళ్లో ఎండాకాలంలో రోడ్ల పక్కన ఎర్రగా పూసే గుల్‌మొహర్‌ను తెలుగులో తురాయి అంటాం. మడగాస్కర్ దీవి నుంచి వచ్చిన ఈ చెట్టుకు మనవాళ్లు తలపాగాలో పెట్టుకొనే కుచ్చు పేరు పెట్టారు. ఈ పోలికను గుర్తుంచుకోండి. వేల మైళ్ల దూరాన, పసిఫిక్ మహాసముద్రంలో, ఇలాంటిదే మరొకటి కనిపిస్తుంది.

న్యూజిలాండ్ ఉత్తర దీవి తీరంలో, సముద్రపు కొండచరియలను వేళ్లతో పట్టుకొని పెరిగే సతతహరిత వృక్షం పొహుతుకావా. దక్షిణార్ధగోళంలో డిసెంబరు వేసవి కాబట్టి ఆ నెలలో ఇది ఎర్రటి గుత్తులతో నిండిపోతుంది. ఆ ఎరుపు రేకులది కాదు, కేసరాలది. జామ పువ్వులో తెల్లని కేసరాల కుచ్చును మీరు చూసే ఉంటారు. జామ, నేరేడు, పొహుతుకావా ఒకే మిర్టేసీ కుటుంబానికి చెందినవి.

మావోరీల పూర్వులు తూర్పు పాలినీషియా దీవుల నుంచి పెద్ద పడవల్లో ఈ తీరానికి వచ్చారు. తె అరావా అనే పడవ గురించి ఒక కథ తరతరాలుగా వస్తోంది. తీరం దగ్గరపడుతుండగా తౌనినిహి అనే నాయకుడికి ఒడ్డున ఎర్రగా మెరుస్తున్నవి కనిపించాయి. ఈ దేశంలో ఎర్ర ఈకలకు కొదవ లేదనుకొని తన తలమీది ఈకల అలంకారాన్ని సముద్రంలోకి విసిరేశాడు. ఒడ్డుకు చేరి ముట్టుకుంటే అవి పువ్వులు, చేతిలోనే రాలిపోయాయి. కొట్టుకొచ్చిన ఆ అలంకారం మాహినా అనే వ్యక్తికి దొరికింది, అతడు తిరిగి ఇవ్వలేదు. దొరికిన సొత్తు దొరికినవాడిదే అనే అర్థంలో మాహినా పేరు సామెతలో నిలిచిపోయింది.

కథలో ప్రతి మాటా జరిగినదేనని చరిత్రకారుడు అనడు. అయినా ఇందులో రెండు విషయాలు దొరుకుతాయి. ఎర్ర ఈకలు ఆ సమాజంలో హోదాకు గుర్తు. ఇక చెట్టు పూసి ఉందంటే పడవ వేసవి మొదట్లో చేరిందన్న జ్ఞాపకం నిలిచి ఉంది. రాత లేని సమాజం ఋతువును ఇలా భద్రపరచుకుంది.

రాతలో ఈ చెట్టు కనిపించేది చాలా ఆలస్యంగా. 1769లో కుక్ నౌక ఎండీవర్‌లో వచ్చిన జోసెఫ్ బ్యాంక్స్, డేనియల్ సొలాండర్ నమూనాలు సేకరించారు. 1788లో జోసెఫ్ గేర్ట్‌నర్ గ్రంథం ద్వారా మెట్రోసిడెరోస్ అనే పేరు అచ్చయింది. గ్రీకులో దీని అర్థం ఇనుము లాంటి చేవ. వలస వచ్చిన యూరోపియన్లు సహజంగా వంగిన దీని కొమ్మలను పడవల నిర్మాణానికి వాడుకున్నారు. పేరులోనే కలప మీద చూపు ఉందని నాకనిపిస్తుంది. 1769లో దీన్ని 'కనుగొన్నారు' అని రాసే పుస్తకాలు యూరప్ రికార్డుల్లో నమోదైన తేదీని మాత్రమే చెబుతున్నాయి.

ఆ పేరు మన ఇళ్ల ఆవరణల దాకా కూడా వచ్చింది. సికింద్రాబాద్‌లో తరచూ కనిపించే బాటిల్ బ్రష్ మొక్కల్లో ఒక జాతికి 1794లో విలియం కర్టిస్ పెట్టిన పేరు మెట్రోసిడెరోస్ సిట్రినా. తరువాత దాన్ని వేరే ప్రజాతికి మార్చారు.

పొలాలకోసం తీరాన్ని చదును చేయడం, పశువుల మేత, 1837లో బొచ్చు వ్యాపారానికి ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన పోసమ్ అనే జంతువులు చిగుళ్లు తినేయడం, ఇవన్నీ కలిసి తీరంలోని పొహుతుకావా వనాల్లో దాదాపు 90 శాతాన్ని తుడిచిపెట్టాయి. 1990లో ప్రాజెక్ట్ క్రిమ్సన్ పేరుతో తిరిగి నాటడం మొదలైంది. దేశపు ఉత్తర కొసన రెయింగా అగ్రంలో రాతిని పట్టుకొని ఉన్న ఒక పొహుతుకావా మాత్రం మావోరీలకు ఎప్పటినుంచో పవిత్రం. చనిపోయినవారి ఆత్మలు దాని వేరు వెంబడి సముద్రంలోకి దిగి, పూర్వుల దేశమైన హవాయికికి తిరిగి వెళతాయని వారి నమ్మకం.

అభ్యాసం: మీ ఊళ్లో పెరిగే ఏవైనా రెండు చెట్ల తెలుగు పేర్లను, శాస్త్రీయ నామాలను సేకరించండి. ఒక్కో పేరు పెట్టినవారు ఆ చెట్టులో ఏం చూశారో పది వాక్యాల్లో రాయండి.