పరాయి పంచన మన తాళంచెవి

మా మహిళా మండలి లైబ్రరీ పుస్తకాల జాబితా ఎక్కడో దూరాన ఒక కంప్యూటర్లో ఉంటుంది. దాన్నే సర్వర్ అంటారు. మొన్న ఇంట్లో కంప్యూటర్ మూలపడితే, జాబితాలో రెండు తప్పులు దిద్దుదామని వీధి చివర నెట్ సెంటర్‌కి వెళ్ళాను. తీరా పాస్‌వర్డ్ కొట్టబోతుంటే చెయ్యి ఆగిపోయింది. పరాయివాళ్ళింట్లో కూచుని మన బీరువా తాళం తీస్తున్నట్టు లేదూ? దిద్దకుండానే తిరిగొచ్చేశాను.

"నీ పుస్తకాల జాబితా ఎవడెత్తుకుపోతాడే!" అని నవ్వారు మావారు. ఈ భయం నా ఒక్కదానిదేనా అని ఆరా తీద్దును గదా, దీనికి అరవై ఏళ్ళ చరిత్ర ఉంది!

1961లో అమెరికాలో, ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బతో బృందం ఒకే కంప్యూటర్‌ని చాలామంది ఒకేసారి వాడుకునే ఏర్పాటు చేసింది. ఉమ్మడి కుటుంబం అన్నమాట. ఎవరి ఫైళ్ళు వాళ్ళకి దక్కాలని పాస్‌వర్డ్‌లు పెట్టారు. 1960ల మధ్యలో ఒకనాడు ఇద్దరు ఒకేసారి రెండు ఫైళ్ళు దిద్దుతున్నారు. ఒకటి అందరికీ చూపించే ఆనాటి కబురు, రెండోది పాస్‌వర్డ్‌ల చిట్టా. రెండు చిత్తుప్రతులకీ కంప్యూటర్ ఒకే పేరు పెట్టడంతో అవి తారుమారై, లోపలికొచ్చిన ప్రతివారికీ అందరి పాస్‌వర్డ్‌లూ దర్శనమిచ్చాయి! దొంగ రాకుండానే గుట్టు రట్టయింది.

దూరాన్నుంచి కంప్యూటర్ వాడే టెల్‌నెట్ పద్ధతి 1969లో మొదలైంది. అందులో పాస్‌వర్డ్ వెళ్ళడం పోస్టుకార్డు మీద రాసి పంపినట్టే. దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. ఫిన్లండ్‌లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో అలా పాస్‌వర్డ్‌లు దొంగలపాలయ్యాక, అక్కడి పరిశోధకుడు తాతు యూలోనెన్ 1995లో ఎస్.ఎస్.హెచ్. తయారుచేశాడు. పోస్టుకార్డు కాస్తా లక్కముద్ర వేసిన కవరయింది. మన దేశంలో సామాన్యులకి ఇంటర్నెట్ అందిందీ ఆ ఏడాది ఆగస్టు 15నే. వీధివీధికీ నెట్ సెంటర్లు ఆ తర్వాతి ముచ్చట.

అయితే దారి భద్రంగా ఉంటే చాలా? ఉత్తరం రాస్తూండగానే భుజం మీంచి తొంగిచూసేవాడి సంగతో? 2003లో న్యూయార్క్‌లో ఒక యువకుడు నేరం ఒప్పుకున్నాడు. అద్దె కంప్యూటర్లలో, నొక్కిన ప్రతి మీటనీ రాసిపెట్టే ప్రోగ్రామ్ దాచి, 450కి పైగా పాస్‌వర్డ్‌లు పోగుచేశాట్ట. కవరు అంటించకముందే చదివేసేవాణ్ణి ఏ లక్కముద్ర ఆపుతుంది?

దీనికో ఉపాయం 1981లోనే లెస్లీ లాంపోర్ట్ చెప్పాడు: ఒక్కసారికే చెల్లే పాస్‌వర్డ్. వాడేశాక దొంగ చేతికి దొరికినా విస్తరాకు పాటి చెయ్యదు. బ్యాంకువాళ్ళు మన ఫోనుకి పంపే ఓ.టి.పి. ఆ కోవలోదే.

ఇంతకీ మావారికి చెప్పని సంగతొకటుంది. పుస్తకాల జాబితాకీ, నా బ్యాంకు ఖాతాకీ నేను పెట్టుకున్నది ఒకే పాస్‌వర్డ్! వంటింటి గొళ్ళేనికీ, నగల పెట్టెకీ ఒకటే తాళంచెవి అన్నమాట. కంప్యూటర్ బాగై రాగానే ముందు బ్యాంకుది మార్చాను. పుస్తకాల తప్పులు ఆ తర్వాతే దిద్దాను.

మరి మీ తాళాలెన్ని, తాళంచెవులెన్ని?