బ్యాంకుల పేరిట ఫిషింగ్ ఈ-మెయిళ్లు: గుర్తింపు

పాస్‌వర్డు, పిన్, ఓటీపీ, కార్డు వివరాలు రాబట్టేందుకు బ్యాంకే రాసినట్టుగా మోసగాళ్లు పంపే మెయిళ్లు ఫిషింగ్‌లో ప్రధానమైన రకం. ఫిషింగ్ 1990ల మధ్యలో అమెరికా ఆన్‌లైన్ సేవల వాడుకరులపై మొదలైందని సాధారణంగా చెబుతారు. ఆ మాట పుట్టిన ఏడాదిని కొందరు 1995 అంటారు. రాతలో దొరికే తొలి దాఖలాగా ఎక్కువమంది ఉదహరించేది 1996 జనవరి నాటి యూజ్‌నెట్ (ఆన్‌లైన్ చర్చావేదిక) సందేశం కనుక, ఆ తేదీకే ఎక్కువ ఆధారం ఉన్నట్టు తోస్తుంది. భారతదేశంలో ఐటీ పరిశ్రమ సంఘం నాస్కామ్ పేరు వాడుకున్న కేసులో ఢిల్లీ హైకోర్టు 2005లో ఫిషింగ్‌ను చట్టవిరుద్ధమని ప్రకటించింది. ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణ 66సి, 66డి సెక్షన్లతో గుర్తింపు చౌర్యాన్నీ, కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి చేసే మోసాన్నీ శిక్షార్హం చేసింది.

అక్షరదోషాలు, అతుకుల లోగో, పేరు లేని సంబోధన మోసానికి గుర్తులని చాలాకాలంగా చెబుతున్నారు. అవి కనిపిస్తే అనుమానించాల్సిందే. అవి లేవు కాబట్టి మెయిలు నిజమైనదనుకోవడమే ప్రమాదం. లోగోను ఎవరైనా కాపీ చేయగలరు. తప్పుల్లేని ఉత్తరాన్ని కృత్రిమ మేధ క్షణాల్లో రాసిస్తుంది. లీకైన సమాచారంలో ఖాతాదారు పేరూ దొరుకుతుంది. బ్రౌజర్‌లోని తాళం గుర్తు సైటుకూ మనకూ మధ్య సమాచారం గోప్యంగా సాగుతోందని మాత్రమే చెబుతుంది, సైటు ఎవరిదో చెప్పదు. పంపినవారి పేరు చోట ఏదైనా రాసుకోవచ్చు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పరీక్షలు చిరునామా ఫోర్జరీని చాలావరకు అడ్డుకుంటాయి. అయితే బ్యాంకు పేరును పోలిన డొమైన్‌ను మోసగాడే కొని, అక్కడి నుంచి పంపితే ఆ పరీక్షలన్నీ నెగ్గుతాడు. అందుచేత రూపం కంటే డొమైనే నమ్మదగ్గ ఆధారం. దాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి: మీబ్యాంకు.బ్యాంక్.ఇన్.కేవైసీఅప్‌డేట్.కామ్ అనే చిరునామా కేవైసీఅప్‌డేట్.కామ్ యజమానిది, బ్యాంకుది కాదు.

డొమైన్ చదివే ఈ పనిని తేలిక చేయడానికే రిజర్వు బ్యాంకు 2025లో దేశీయ బ్యాంకులకు ప్రత్యేకంగా బ్యాంక్.ఇన్ డొమైన్ తెచ్చి, మారడానికి అక్టోబరు 31 గడువు పెట్టింది. నమోదు బాధ్యత హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థది. బ్యాంకు కానివారికి ఈ డొమైన్ దక్కదు కనుక, చిరునామా చివర అది ఉండటం బలమైన ఆధారం. పాత చిరునామా నుంచి వచ్చినంత మాత్రాన మెయిలు మోసమని తేల్చలేం.

ఫోను తెరపై పూర్తి చిరునామా కనబడదనీ, సామాన్యులు డొమైన్లు చదవలేరనీ ఒక అభ్యంతరం ఉంది. అది సబబే. బ్యాంకు ఉద్యోగి మెయిలు ఖాతానే మోసగాడి చేతికి చిక్కితే సరైన చిరునామా కూడా రక్షించదు. అందుకే చివరి పరీక్ష మెయిలు ఏమి కోరుతోందన్నది. కేవైసీ ఆగిందనో, ఖాతా స్తంభించిందనో తొందరపెట్టి లింకు నొక్కమంటే, ఆ లింకు వదిలి బ్యాంకు యాప్‌ను సొంతంగా తెరవాలి, లేదా కార్డు వెనకనున్న నంబరుకు ఫోను చేయాలి. మెయిలులో నిజముంటే అక్కడా కనిపిస్తుంది. బ్యాంకు మెయిలులో ఓటీపీ, పిన్ అడగదన్న నియమానికి మినహాయింపు లేదు.

వివరాలు ఇచ్చేసినవారు సిగ్గుతో ఆగిపోకూడదు. రిజర్వు బ్యాంకు 2017 జూలై సర్క్యులర్‌లో పెట్టిన నియమం ప్రకారం, ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోయిన సొమ్ము బ్యాంకుకు చెప్పేవరకు అతని నష్టమే. చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. కాబట్టి ముందు బ్యాంకుకు, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.